నల్లమల కనుమలో రైలు: హెరిటేజ్ ఏది, ఆకులు రాలేది ఎప్పుడు

దసరా దగ్గరపడితే ఫోన్లలో ఒక రకం వీడియోలు తిరగడం మొదలవుతుంది. కొండ వాలంతా పసుపు పరుచుకుని ఉంటుంది. మధ్యలో నల్లటి ఆవిరి ఇంజిన్, దాని నెత్తిన తెల్లటి పొగ, కిటికీల్లోంచి చేతులూపే జనం. వీటిలో చాలావరకు అమెరికాలోని కొలరాడో, న్యూ మెక్సికో కొండలవి. వాటిని చూశాక కర్నూలు, నంద్యాల వైపు వాళ్లకు ఒక అనుమానం రావడం సహజం. మనకూ నల్లమలలో సొరంగాలు, లోయలు దాటే రైలు దారి ఉంది. మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు వెడల్పే ఉన్న పాత దారి) రోజుల్లో దొరబావి వంతెన మీద బండి పోయేదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. మరి ఆ బండిని ఇక్కడ ఎందుకు నడపరు?

అడగదగ్గ ప్రశ్నే. కాకపోతే అందులో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. హెరిటేజ్ రైలని దేన్ని అంటారు? కొండ దారి రైలుకు మామూలు దారికీ తేడా ఏమిటి? ఆ పసుపు కొండల కాలం మనకు ఎప్పుడు వస్తుంది? మూడింటినీ విడదీస్తే, అమెరికా వీడియోలో కనిపించేదాంట్లో నల్లమలలో ఏది సాధ్యమో, ఏది కాదో తెలుస్తుంది.

ఒకే పేరుతో నాలుగు రకాల బండ్లు

పత్రికల్లో హెరిటేజ్ రైలు అన్న మాట కనీసం నాలుగు వేర్వేరు వాటికి వాడుతున్నారు. గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది, దారే వారసత్వ సంపద అయినవి. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో 'భారత పర్వత రైల్వేలు' అనే పేరుతో ఉన్నవి మూడు: 1999లో డార్జిలింగ్, 2005లో నీలగిరి, 2008లో కాల్కా–సిమ్లా. ఇక్కడ గుర్తింపు ఇంజిన్‌కు ఇచ్చింది కాదు. కొండ ఎక్కడానికి ఆ కాలపు ఇంజినీర్లు వేసిన మొత్తం దారికి, వంతెనలకు, స్టేషన్లకు, ఆ దారి ఇప్పటికీ పనిచేస్తూ ఉండటానికి ఇచ్చారు. కాల్కా–సిమ్లా దారిలో ఇప్పుడు డీజిల్ ఇంజిన్లు నడుస్తున్నాయి. అయినా దాని హోదాకేం లోటు రాలేదు.

రెండోది, బండే పాతదైనవి. 1855లో తయారైన ఫెయిరీ క్వీన్ ఇంజిన్‌ను ఇప్పుడు అంతటా ఉన్న వెడల్పు పట్టాల మీద, అంటే బ్రాడ్ గేజ్ మీద, పర్యాటకుల కోసం నడిపారు. ఇక్కడ వారసత్వం పట్టాల మీద కదిలే వస్తువుది. దారికి ఏ ప్రత్యేకతా అక్కర్లేదు.

మూడోది, గేజ్ మార్పిడిలో మూతపడాల్సిన పాత ముక్కను అట్టిపెట్టి, దాని మీద పర్యాటక బండి నడపడం. మధ్యప్రదేశ్‌లో ఇందోర్ దగ్గర పాతాళ్‌పానీ–కాలాకుండ్ ఘాట్ (కొండ ఎక్కే దారి) ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ మీటర్ గేజ్ దారి బ్రాడ్ గేజ్‌గా మారేటప్పుడు ఘాట్‌లో కొత్త దారి వేయాల్సి వచ్చింది. పాత ఘాట్ ముక్కను విడిగా ఉంచి 2018 డిసెంబర్‌లో హెరిటేజ్ రైలు మొదలుపెట్టారు. రాజస్థాన్‌లో మార్వాడ్ జంక్షన్ నుంచి గోరమ్ ఘాట్ మీదుగా ఖామ్లీఘాట్ వరకు 2023 అక్టోబర్‌లో మొదలైన 'వ్యాలీ క్వీన్' కూడా ఈ కోవలోదే. నల్లమల గురించి మాట్లాడేటప్పుడు మనం పోల్చుకోవాల్సింది ఈ రెంటితో. డార్జిలింగ్‌తో కాదు.

నాలుగోది, రూపం మాత్రమే పాతదైనవి. గుజరాత్‌లో ఏక్తా నగర్, అహ్మదాబాద్ మధ్య 2023 అక్టోబర్ 31న ప్రారంభించిన హెరిటేజ్ రైలు చూడ్డానికి ఆవిరి బండిలా ఉంటుంది. లోపల లాగేది కరెంటు ఇంజినే. దీన్ని మోసం అనాల్సిన పనేమీ లేదు, పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ వారసత్వాన్ని కాపాడటం, వారసత్వం వేషం వేయడం రెండూ ఒకటి కావు.

ఈ నాలుగింటి మీద ఇంకో చిక్కు వచ్చి చేరింది. హెరిటేజ్, కొండ దారుల కోసం హైడ్రోజన్ రైళ్లు తెస్తామని రైల్వే శాఖ ప్రకటించింది. 35 రైళ్లు, ఒక్కో రైలుకు 80 కోట్ల రూపాయల అంచనా, ఒక్కో దారిలో ఇంధన ఏర్పాట్లకు మరో 70 కోట్లు. దాంతో 'హెరిటేజ్ రైలు' అన్న వార్తలో పొగ లేని సరికొత్త బండి బొమ్మ కనిపిస్తోంది. ఇది మొదటి రకానికి దగ్గర: దారి పాతది, బండి కొత్తది.

కొండ ఎక్కడం రైలుకు ఎందుకంత కష్టం

కొండ రైలు అందం దాని వంకర్లలో ఉందంటారు. ఆ వంకర్లు అందం కోసం వేసినవి కావు. లెక్క కుదరక వేసినవి.

ఇనుప చక్రం ఇనుప పట్టా మీద చాలా తేలిగ్గా దొర్లుతుంది. చదునైన దారిలో 400 టన్నుల బండిని నెమ్మదిగా లాగడానికి ఒకటి రెండు టన్నుల బరువును ఎత్తేంత బలం చాలు. రైలుకున్న గొప్ప లాభం అదే. ఎత్తు వచ్చేసరికి అదే శాపమవుతుంది. ఎందుకంటే అంత నునుపుగా దొర్లే చక్రం, అంతే తేలిగ్గా జారుతుంది కూడా.

రైల్వే వాళ్లు వాలును '100కు 1' అని చెబుతారు. అంటే 100 మీటర్లు ముందుకు పోతే 1 మీటరు ఎత్తు పెరుగుతుందన్నమాట. ఆ వాలులో 400 టన్నుల బండికి, దొర్లించడానికి కావాల్సిన దానికి తోడు ఇంకో 4 టన్నుల బలం కావాలి. వాలు 25కు 1 అయితే 16 టన్నులు. 12కు 1 అయితే 33 టన్నులు దాటుతుంది. ఇంజిన్ వైపు చూద్దాం. తడిలేని పట్టా మీద, తిప్పే చక్రాలపై పడే బరువులో దాదాపు నాలుగో వంతు బలంతో మాత్రమే అది లాగగలదు. 60 టన్నుల ఇంజిన్ అనుకుంటే 15 టన్నులు. కాబట్టి 100కు 1 వాలును సులువుగా ఎక్కేస్తుంది. 25కు 1 దగ్గర చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. ఇంజిన్‌లో శక్తి ఉన్నా పట్టు ఉండదు.

దీనికి దారులు కొన్నే. బండి బరువు తగ్గించడం ఒకటి. వెనక ఇంకో ఇంజిన్ పెట్టి తోయించడం మరొకటి. దీన్ని బ్యాంకర్ అంటారు. గుంతకల్లు నుంచి వాస్కో పోయే దారిలో క్యాజిల్ రాక్ దాటాక వచ్చే దూద్‌సాగర్ ఘాట్‌లో వాలు 37కు 1 కాబట్టి అక్కడ ఇవి మామూలే. పళ్ల పట్టా వేయడం మూడోది. నీలగిరిలో కల్లార్, కూనూరు మధ్య రెండు పట్టాల నడుమ పళ్లున్న ఇనుప కడ్డీ ఉంటుంది. ఇంజిన్ కింద పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. అక్కడ వాలు దాదాపు 12కు 1. మేట్టుపాళయం నుంచి ఊటీకి ఉన్న 46 కిలోమీటర్లకు ఇంచుమించు 5 గంటలు పట్టేది అందుకే.

నాలుగో దారి, దూరాన్ని పెంచి వాలును తగ్గించుకోవడం. రెండు ఊళ్ల మధ్య దూరం నేరుగా 5 కిలోమీటర్లు, ఎత్తు తేడా 100 మీటర్లు అనుకోండి. నేరుగా వేస్తే వాలు 50కు 1. మీ ఇంజిన్‌కు 100కు 1 కంటే ఎక్కువ కుదరదంటే 10 కిలోమీటర్ల పట్టా వేయాలి. మిగిలిన ఆ 5 కిలోమీటర్లను కొండ చుట్టూ ఎక్కడో ఒకచోట తిప్పాలి. డార్జిలింగ్‌లో బండి తన దారినే దాటుకుంటూ గుండ్రంగా తిరగడం, ముందుకు పోయి వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు పోవడం ఈ లెక్క నుంచి పుట్టినవే.

పట్టాల మధ్య వెడల్పు ఎందుకు ముఖ్యమో కూడా ఇక్కడే తెలుస్తుంది. బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్ 1000, కాల్కా–సిమ్లా 762, డార్జిలింగ్ 610. వెడల్పు తగ్గేకొద్దీ ఇంకా బిగుతైన వంపులు తిప్పవచ్చు, కొండను తక్కువ తవ్వవచ్చు. ఖర్చు తగ్గుతుంది. దానికి బదులుగా వేగం, మోసే బరువు వదులుకోవాలి.

నల్లమలను ఎలా దాటారు

నంద్యాల వైపు రైలు వచ్చిన కారణం విహారం కాదు, కరువు. 1876–78 నాటి కరువు, మన వైపు ధాత కరువని పిలిచేది, రాయలసీమను ఊడ్చిపెట్టింది. గింజలున్న చోటు నుంచి లేని చోటుకు చేర్చే దారి లేకపోవడం ఆ చావులకు ఒక కారణమని తర్వాత వేసిన కరువు కమిషన్ తేల్చింది. ఆ ఆలోచనతోనే దక్కనులో కరువు రక్షణ దారులు వేశారు. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే ఆ పనిలోకి దిగింది. బళ్లారి, గుంతకల్లు, నంద్యాల, గిద్దలూరు, కంభం మీదుగా కృష్ణా తీరం వైపు సాగిన మీటర్ గేజ్ దారి ఆ కాలపుదే. అటు పడమర మర్మగోవా రేవు, ఇటు తూర్పున బెజవాడ. 1908లో ఆ కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది.

ఈ దారికి అడ్డుగా నిలబడింది నల్లమలే. గాజులపల్లె దాటగానే అడవి మొదలవుతుంది. చలమ, బొగద, దిగువమెట్ట మీదుగా అవతలికి దిగితే గిద్దలూరు. ఊటీ అంత ఎత్తేమీ లేదు, పళ్ల పట్టా అక్కర్లేదు. చిక్కల్లా మడతలతోనే. ఒక గట్టు, ఒక లోయ, మళ్లీ గట్టు. ప్రతి లోయలోకీ దిగి ఎక్కాలంటే వాలు కుదరదు. అందుకని గట్టును సొరంగంతో తొలిచారు, లోయను ఎత్తైన వంతెనతో దాటారు. బొగద సొరంగం, దొరబావి వంతెన ఈ రెండు పనులకు గుర్తులు. దొరబావి దగ్గర వంతెన కట్టింది వాగు నీళ్లు దాటడానికే అనుకుంటే దాని ఎత్తుకు అర్థం ఉండదు. పైనున్న వాలు చెడిపోకుండా లోయనే దాటించడానికి కట్టారు.

1990ల్లో గుంటూరు–గుంతకల్లు దారిని బ్రాడ్ గేజ్‌గా మార్చారు. ఇక్కడే కథ రెండుగా చీలింది. మీటర్ గేజ్ ఇరుసు మోసే బరువు కంటే బ్రాడ్ గేజ్ గూడ్సు ఇరుసు బరువు సుమారు రెట్టింపు. అంత బరువు కోసం, ఇంకా పెద్ద వంపుల కోసం కనుమలో కొత్త దారి, కొత్త సొరంగం అవసరమయ్యాయి. పాత వంతెన మీద బండి తిరగడం ఆగిపోయింది. పాతాళ్‌పానీలో జరిగింది కూడా మొదట్లో ఇదే. తేడా ఏమిటంటే, అక్కడ మార్పిడి జరిగేనాటికి పాత ముక్కను ఉంచుదామన్న ఆలోచన రైల్వేలో ఉంది. మన దగ్గర మార్పిడి రెండు దశాబ్దాల ముందే అయిపోయింది. అప్పటికి అందరి దృష్టీ హైదరాబాదుకో, బెంగళూరుకో బండి మారకుండా పోవడం మీదే ఉంది. ఆనాటి వాళ్లను తప్పుపట్టడం నాకు సబబుగా అనిపించదు. గుంతకల్లులో అర్ధరాత్రి సామాను మోసుకుంటూ గేజ్ మారినవాళ్లకు మీటర్ గేజ్ మీద ప్రేమ పుట్టడం కష్టం.

ఇప్పుడు ఆ కనుమలో అమరావతి ఎక్స్‌ప్రెస్, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ లాంటి బండ్లు కరెంటు ఇంజిన్లతో పోతున్నాయి. గుంటూరు–గుంతకల్లు మధ్య 401 కిలోమీటర్ల డబ్లింగ్ (పక్కన రెండో దారి వేసే) పనులూ చేపట్టారు. అంటే నల్లమల కనుమ జీవం ఉన్న రైలు దారి. హెరిటేజ్ భాగం మాత్రం పక్కన ఆగిపోయిన మీటర్ గేజ్ నిర్మాణం. రెండూ ఒకే అడవిలో ఉన్నాయి కాబట్టి ఒకటే అనుకుంటాం.

అమెరికాలో సెప్టెంబర్, నల్లమలలో ఫిబ్రవరి

ఇక రంగుల సంగతి. ఆ వీడియోల్లో తరచూ కనిపించేవి రెండు దారులు: 1882 నాటి డురాంగో–సిల్వర్టన్, 1880 నాటి కంబ్రెస్–టోల్టెక్. రెండో దాన్ని పాత కంపెనీ వదిలేస్తుంటే 1970లో కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాలు కలిసి 64 మైళ్ల ముక్కను కొన్నాయి. దారి 10,015 అడుగుల ఎత్తున్న కనుమను దాటుతుంది. ఆ ఎత్తులో ఆస్పెన్ చెట్లు ఎక్కువ. సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ మొదటి రోజుల దాకా అవి పసుపెక్కుతాయి. జనం ఎగబడేది ఆ కొన్ని వారాలకే.

ఆకు పచ్చగా ఉండటానికి కారణం పత్రహరితం. పగలు చిన్నదై, రాత్రులు చల్లబడితే చెట్టు దాన్ని విరిచి వెనక్కి లాక్కుంటుంది. అప్పటిదాకా దాని కింద దాగి ఉన్న పసుపు రంగు పదార్థాలు బయటపడతాయి. మేపుల్ లాంటి కొన్ని చెట్లు అదే సమయంలో ఎరుపును కొత్తగా తయారుచేసుకుంటాయి. అక్కడ చెట్టుకు సంకేతం చలి, పగటి పొడవు.

నల్లమల చెట్టుకు సంకేతం నీళ్లు. టేకు, నల్లమద్ది, ఏగిస, తపసి, మోదుగ, వీటన్నిటికీ ఆకు రాల్చే అలవాటు ఉంది. రాల్చేది మాత్రం నేలలో తడి ఆరిపోయాక, మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజ కార్తీకాల్లో నల్లమల దాదాపు పచ్చగానే ఉంటుంది. నైరుతి రుతుపవనాల వాన అప్పుడే వెనుదిరిగి ఉంటుంది, ఈశాన్య వానలు, తుపాన్లు మధ్యమధ్యలో తడుపుతుంటాయి, వాగుల్లో నీళ్లు పారుతుంటాయి. అమెరికా క్యాలెండర్ పట్టుకుని అక్టోబర్‌లో పసుపు కొండ కోసం చలమ పోతే దొరికేది పచ్చటి కొండే.

అయితే రైలు చూడటానికి ఇది చెడ్డ కాలమేం కాదు. నన్నడిగితే మన దగ్గర మంచి కాలం ఇదే. వాన కడిగిన గాలిలో దుమ్ము తక్కువ, దూరపు గట్టు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఎండ మెత్తబడుతుంది. సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు కాబట్టి నంద్యాల నుంచి గిద్దలూరు వైపు పోయే బండిలో ఎడమ చేతి కిటికీలకు ఎండ కళ్లలో కొట్టదు, బయటి కొండ మీద వెలుగు పడుతుంది. కనుమలో దారి వంకర తిరిగేచోట ఇది కాసేపు తారుమారవుతుంది, అంతే. మోదుగ పూల ఎరుపు కావాలనుకునేవాళ్లు మాత్రం ఫిబ్రవరి చివర, మార్చిలో పోవాలి. అప్పుడు అడవి సగం బోడిగా ఉండి దారి వంపులు బాగా కనిపిస్తాయి. ఎండ దెబ్బ కూడా బాగానే తగులుతుంది.

ఆ తెల్లటి పొగకు చలి కావాలి

ఆవిరి బండి ఫొటోల్లో ఇంజిన్ కంటే పెద్దగా కనిపించేది పొగ. అందులో చాలా భాగం నిజానికి పొగ కాదు. సిలిండర్లలో పని ముగించుకున్న ఆవిరి చిమ్నీలోంచి బయటికొచ్చి, చల్లగాలి తగలగానే సన్నటి నీటి బిందువులవుతుంది. గాలి ఎంత చల్లగా, తడిగా ఉంటే ఆ తెలుపు అంత దట్టంగా, అంతసేపు నిలుస్తుంది. కర్నూలు ఏప్రిల్ మధ్యాహ్నం 42 డిగ్రీల పొడిగాలిలో అదే ఇంజిన్‌ను నడిపితే ఆవిరి చిమ్నీ దాటిన కాసేపటికే మాయమవుతుంది. నల్లగా వచ్చేది వేరు, అది పూర్తిగా కాలని బొగ్గు.

రైళ్ల ఫొటోలు తీసేవాళ్లు ఉదయాన్నే, అదీ ఎక్కుడు వైపే కాపు కాయడానికి కారణం ఇదే. ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎక్కువ ఆవిరి వాడుతుంది, ఎక్కువ విడుస్తుంది, చప్పుడూ ఎక్కువే. దిగేటప్పుడు ఆవిరి కట్టేసి బ్రేకు మీద వస్తుంది. అదే ఇంజిన్ ఫొటోలో నిద్రపోతున్నట్టు ఉంటుంది.

ఈ పొగకు ఇంకో ముఖం ఉంది. 2018 జూన్‌లో డురాంగో దగ్గర పెద్ద కార్చిచ్చు లేచి 50 వేల ఎకరాలకు పైగా కాలింది. బొగ్గు ఇంజిన్ నిప్పురవ్వల వల్లేనని అమెరికా ప్రభుత్వం రైల్వే మీద దావా వేసింది. 2022లో 2 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. తర్వాత అక్కడ ఇంజిన్లను చమురుతో మండేలా మార్చుకుంటూ వచ్చారు. మాఘం దాటాక ఎండుటాకుతో నిండి ఉండే నల్లమలలో బొగ్గు ఇంజిన్ అంటే అటవీ సిబ్బంది గుండె జారడం వింతేమీ కాదు. మోదుగ పూల మధ్య ఆవిరి బండి అన్న ఊహ ఇక్కడే ఆగిపోతుంది.

ఎక్కి చూడటం, నిలబడి చూడటం

అమెరికాలో బండి ఎక్కేవాళ్లు ఎందరో, పక్కనే ఉన్న రోడ్డు మీద కారులో దాన్ని వెంటాడుతూ చూసేవాళ్లూ చాలామందే. మన దగ్గర నంద్యాల–గిద్దలూరు రోడ్డు కూడా అదే కనుమలోంచి పోతుంది కాబట్టి ఆ ఆలోచన రాక మానదు. చట్టం మాత్రం రెండు వైపుల నుంచీ పట్టుకుంటుంది.

రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదికి, రైల్వే స్థలంలోకి పోతే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మెట్ల మీద, పైకప్పు మీద ప్రయాణానికి 156వ సెక్షన్ వేరుగా ఉంది. 2023 జులైలో దూద్‌సాగర్ దగ్గర బండి దిగి పట్టాల వెంట నడిచిన పర్యాటకులతో రైల్వే పోలీసులు గుంజీళ్లు తీయించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇక కనుమ చుట్టూ ఉన్నది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యపు అడవి. వన్యప్రాణి రక్షణ చట్టం 1972 కింద అభయారణ్యంలో అనుమతి లేకుండా తిరగడం కుదరదు. దొరబావి వంతెన దాకా అడవిలో నడిచిపోయి వీడియో తీసుకొచ్చేవాళ్లను చూసి అది అందరికీ తెరిచిన చోటనుకోవద్దు.

చట్టంతో పేచీ లేకుండా చూడాలంటే పగటిపూట కనుమ దాటే బండిలో కిటికీ పక్క సీటు, లేదా స్టేషన్ ప్లాట్‌ఫారం. ఆ ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే దిగువన ఎక్కడో మొదలైన ఇంజిన్ చప్పుడు వంపు వంపుకూ మారుతూ దగ్గరవడం వినిపిస్తుంది. టికెట్ ఖర్చు తప్ప ఇంకేం లేదు.

నడపాలన్న వాదన, వద్దన్న వాదన

నడపాలనేవాళ్లు ముందుగా చూపేది పాతాళ్‌పానీని. పెద్ద ఊరు దగ్గరుంది, ఘాట్ ఉంది, జలపాతం ఉంది, వానాకాలంలో టికెట్లు దొరకవు. నంద్యాల చుట్టుపక్కల మహానంది, అహోబిలం, కాస్త దూరంగా శ్రీశైలం, బెలూం గుహలు, యాగంటి ఉన్నాయి. ఇన్ని చోట్లకు వచ్చే జనాన్ని ఒక రోజు ఆపగలిగే బండి ఉంటే స్థానికంగా నాలుగు పనులు పుడతాయన్నది వాళ్ల మాట. కరువు కాలపు రైల్వే చరిత్రకు రాయలసీమలో చెప్పుకోదగ్గ గుర్తు వేరే లేదన్నది ఇంకో మాట. నాకు ఇది మొదటిదానికంటే బలమైనదిగా కనిపిస్తుంది.

వద్దనేవాళ్ల మొదటి అభ్యంతరం అడవి. పులులు తిరిగే చోట ఉన్న బ్రాడ్ గేజ్ రద్దీ చాలదన్నట్టు పర్యాటక బండి, దాని వెంట స్టాళ్లు, ప్లాస్టిక్ ఎందుకని అడుగుతారు. గిర్ అడవిలో, దుధ్వా అడవిలో మీటర్ గేజ్ బండ్లు నడిచాయి కదా అని అవతలివాళ్లు గుర్తుచేస్తారు. ఆ పోలిక పూర్తిగా అతకదు. అక్కడ ఉన్న దారిని ఉన్నట్టు ఉంచారు, ఇక్కడ లేని దారిని మళ్లీ వేయాలి. అడవిలో కొత్తగా ఏ పట్టా వేసినా వన్యప్రాణి మండలి అనుమతుల దాకా పోవాలి. ఆ కనుమ అడవుల్లో బతికే చెంచులను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న ఈ చర్చలో చాలా తక్కువసార్లు వినిపిస్తుంది.

రెండో అభ్యంతరం డబ్బు. ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవి, బండి ఖర్చు మాత్రం ప్రభుత్వం చెప్పిందే. నాలుగు అద్దాల పెట్టెలు, ఒక్కో దానిలో 44 సీట్లు, మొత్తం 176. టికెట్ 500 రూపాయలు. పోను రాను రెండు ట్రిప్పులూ నిండితే రోజుకు 1,76,000 రూపాయలు. శని, ఆదివారాలు ఏడాది పొడుగునా నడిపితే 104 రోజులు. 80 కోట్ల హైడ్రోజన్ రైలు ఖరీదు ఒక్కటి రాబట్టడానికే 4,545 రోజులు, అంటే 43 ఏళ్లకు పైన. ఇందులో జీతాలు, ఇంధనం, దారి మరమ్మతు లేవు. ఒక్క సీటు కూడా ఖాళీ పోకూడదన్న షరతు ఉంది. కొండ రైళ్లు టికెట్ల మీద బతకవు, రైల్వే మిగతా ఆదాయమో ప్రభుత్వమో భరిస్తేనే బతుకుతాయి అనడానికి ఇది చాలు. కాబట్టి లాభం పేరుతో అడిగితే సమాధానం కాదనే వస్తుంది. చరిత్ర పేరుతో అడిగితే, ఎంత నష్టం భరించడానికి సిద్ధమన్న చర్చ మొదలవుతుంది.

ఈ రెండు వాదనల మధ్యలో, అంత పెద్ద ఖర్చు లేకుండా అయ్యేది ఒకటుంది. 2017 ఏప్రిల్‌లో విశాఖపట్నం–అరకు బండికి ఒక విస్టాడోమ్ పెట్టె తగిలించారు. పైకప్పులో అద్దం, తిరిగే సీట్లు. యాభైకి పైగా సొరంగాలున్న ఆ దారిలో రైలు మారలేదు, పట్టా మారలేదు, ఇంజిన్ మారలేదు. ఒక పెట్టె మాత్రం కొత్తగా వచ్చింది. అది హెరిటేజ్ కాదు, హెరిటేజ్ అని ఎవరూ చెప్పుకోలేదు కూడా. నల్లమల కనుమలో కూడా పగటి బండికి అలాంటి పెట్టె తగిలించవచ్చు. కొత్త పట్టా అక్కర్లేదు కాబట్టి అడవికి అదనపు బరువు పడదు. దొరబావి మీద బండి పోయే కోరిక మాత్రం దీంతో తీరదు. వంతెనను చూడాలంటే రైల్వే, అటవీ శాఖలు కలిసి ఏదో ఒక పద్ధతిలో మనుషులను లెక్కపెట్టి పంపాల్సిందే.

అద్దాల పెట్టెకు ఒక షరతు ఉంది: బండి కనుమను వెలుగులో దాటాలి. కార్తీకంలో నంద్యాల దగ్గర సాయంత్రం ఆరులోపే సూర్యుడు అస్తమిస్తాడు, కొండల మధ్య అంతకంటే ముందే నీడ పడుతుంది. దూరప్రాంతపు బండ్ల సమయాలు వాటి చివరి ఊళ్లకు అనుకూలంగా పెడతారు, మధ్యలో ఉన్న కనుమ కోసం కాదు. కాబట్టి ముందు తేలాల్సింది టైమ్ టేబుల్. గాజులపల్లె, గిద్దలూరు మధ్య ఉదయం తొమ్మిదికీ సాయంత్రం నాలుగుకూ నడుమ పోయే బండి ఏదో చూసుకుని దానికే పెట్టె అడగాలి.